పరీక్ష ఇద్దరికీ

థెరపీ కుక్క అంటే కొత్తవాళ్ల పక్కన కూర్చుని, ఒళ్లు నిమరనిచ్చి, వాళ్ల మనసుకు కాస్త ఊరటనిచ్చే పెంపుడు కుక్క. చూపులేని వాళ్లకు దారి చూపే కుక్క వేరు. అది ఒక్కరికే రోజంతా తోడుంటుంది. ఇది యజమానితో వారానికోసారి వెళ్లి, గంటసేపు ఉండి, ఇంటికి వచ్చేస్తుంది. మొయినాబాద్‌లో శిక్షణ పొందే పోలీసు జాగిలాలకు వాసన పట్టడం, వెంటాడటం నేర్పుతారు. థెరపీ కుక్క నేర్వాల్సింది దాదాపు ఏమీ చేయకుండా ఉండటం. వినడానికి సులువుగానే ఉంటుంది, ముక్కూముఖం తెలియని పిల్లాడు చెవి పట్టి లాగేదాకా.

న్యూయార్క్‌లో పిల్లల మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్, తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతున్నారని గమనించి 1962లో ఆ సంగతి రాశాడు. అమెరికాలో 1976లో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్, మరుసటి ఏడాది ఇప్పటి పెట్ పార్ట్‌నర్స్ సంస్థలు మొదలయ్యాయి. ఆసియాలో జిల్ రాబిన్‌సన్ 1991లో హాంకాంగ్‌లో ‘డాక్టర్ డాగ్’ కార్యక్రమం ప్రారంభించింది. మన దేశంలో ముంబైలోని యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ ఈ పనిలో ముందు నడిచింది. 2025లో శంషాబాద్ విమానాశ్రయం కూడా ప్రయాణికుల కోసం థెరపీ కుక్కలను ప్రయోగాత్మకంగా తెచ్చింది.

ధ్రువపత్రం కుక్కకు ఒక్కదానికే ఇచ్చేది కాదు, కుక్కా యజమానీ కలిసిన జంటకు ఇచ్చేది. పెట్ పార్ట్‌నర్స్ పద్ధతిలో కుక్కకు ఏడాది నిండాలి, కనీసం ఆరు నెలలు ఆ ఇంట్లోనే ఉండి ఉండాలి, పచ్చి మాంసం తినేది కాకూడదు. పరీక్షలో ఒకరు తూలుతూ నడుస్తారు, ఒకరు గట్టిగా అరుస్తారు, నలుగురు ఒక్కసారే మీద చేతులు వేస్తారు, వెనక నుంచి ఎవరో తగులుతారు. అప్పుడు పరీక్షకుడు కుక్కతోపాటు యజమానినీ గమనిస్తాడు. కుక్క మూతి నాక్కోవడం, వేళకాని వేళ ఆవలించడం, తల తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం అన్నీ ‘ఇక చాలు’ అని చెప్పే గుర్తులే. వాటిని చూసి అక్కడికక్కడ సెలవు తీసుకోగలగడమే యజమాని అసలు నైపుణ్యం. మొహమాటపడి ఇంకో పది నిమిషాలు కూర్చునేవాళ్లు ఈ పనికి పనికిరారు. ఈ అనుమతి రెండేళ్లకే. ఆ తర్వాత మళ్లీ పరీక్ష. మన దగ్గర సర్కారు ఇచ్చే ధ్రువపత్రమంటూ లేదు, సంస్థలే ఇస్తాయి. కాబట్టి మెడలో వేలాడే కార్డు కన్నా, ఆ పరీక్షలో ఏమేం చూశారన్నది అడగాలి.

పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల వైపు ఈ పనికి మొదటి అడ్డంకి భయం. రాత్రి షిఫ్టు దిగి గదికి నడిచే కార్మికుడికి కుక్కలంటే వీధి మలుపులో గుంపుగా మీదికొచ్చేవే. రేబీస్ సోకి లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం కనుక ఆ భయాన్ని తప్పుపట్టడానికి లేదు. గదిలోకి వెళ్లేముందు ఒక్కొక్కరినీ అడగాలి, ఒద్దన్నవాళ్లకు దూరంగా ఉండాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లను వాళ్లకు తెలిసిన భాషలో అడగాలి. కుక్కకు ఏటా రేబీస్ టీకా, నట్టల మందు, గోమార్లు లేని ఒళ్లు, వెళ్లేముందు స్నానం తప్పనిసరి. కంపెనీల ముందు మురుగు తొక్కిన కాళ్లను లోపలికి వెళ్లేముందు తుడవాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం తారురోడ్డు మీద కుక్క పాదాలు కాలతాయి, అందుకని ఉదయమే వెళ్లిరావాలి. ఈ వేడికి బొచ్చు దట్టంగా ఉన్న విదేశీ జాతుల కంటే నెమ్మది స్వభావమున్న దేశీ కుక్క మేలు, కాకపోతే సంస్థల వాళ్లకు ఫొటోలో లాబ్రడారే నచ్చుతుంది.

పారిశ్రామిక ప్రాంతం కదా అని ముందుగా కాలిన గాయాల వార్డు గుర్తుకొస్తుంది. అక్కడికి కుక్క వెళ్లకూడదు. తెరిచిన పుండ్లున్నవాళ్ల దగ్గరికి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల దగ్గరికి కూడా అంతే. ఈ పనికి అనువైనవి వృద్ధాశ్రమాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వచ్చే మండల భవిత కేంద్రాలు, పరీక్షల రోజుల్లో కంది ఐఐటీ లాంటి క్యాంపసులు. భవిత కేంద్రంలోనైతే ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే నడవాలి. చెయ్యి చాచలేని పిల్లాడి చేత కుక్క వీపు దువ్వించడం, అడుగు వేయడానికి మొరాయించే పిల్ల చేతికి రెండో తాడు ఇచ్చి నడిపించడం అక్కడి పనులు. అసలు తాడు ఎప్పుడూ యజమాని చేతిలోనే ఉండాలి. కుక్కకు జ్వరమొచ్చినా, విరేచనాలైనా, ఎదలో ఉన్నా ఆ వారం వెళ్లకూడదు. కీళ్లనొప్పులతో లేవడానికి తంటాలు పడుతున్న ముసలి కుక్కను ఈ పని మాన్పించాలి.