సగం పడవతో మిగతా సముద్రం

1957 ఫిబ్రవరి 14న, కేప్ హార్న్‌కు పడమరగా దక్షిణ పసిఫిక్‌లో, ఒక అల వెనకనుంచి వచ్చి ‘జూ హాంగ్’ అనే 46 అడుగుల పడవను ముక్కు మీదుగా తలకిందులుగా ఎత్తి కొట్టింది. చుక్కాని దగ్గరున్న బెరిల్ స్మీటన్ సముద్రంలో పడిపోయింది. లోపలున్న ఆమె భర్త మైల్స్, స్నేహితుడు జాన్ గజ్వెల్ పైకొచ్చి చూసేసరికి రెండు తెరచాప స్తంభాలూ లేవు. చుక్కానీ లేదు. గదిమీది కప్పు ఊడిపోయి డెక్కు మధ్యన మనిషి పడుకునేంత కన్నం. లోపల మంచాల ఎత్తుదాకా నీళ్ళు. బెరిల్ కొన్ని గజాల దూరంలో ఈదుతూ, విరిగిన స్తంభాన్ని పట్టుకుని వచ్చింది. భుజం దెబ్బతిన్నది. ఆ భుజంతోనే బకెట్లు అందుకుంది.

ఆ ముగ్గురూ (ప్వే అనే పిల్లితో కలిపి నలుగురు) అయిదు వారాలు దాటాక చిలీ తీరంలో కొరొనెల్ అనే రేవుకు తమంతట తామే చేరుకున్నారు. ఎవరూ రక్షించలేదు. వాళ్ళెక్కడున్నారో ఎవరికీ తెలియదు కూడా. మైల్స్ ఈ కథను ‘వన్స్ ఈజ్ ఎనఫ్’ అనే పుస్తకంగా రాశాడు. తుపాను వర్ణన కోసం ఆ పుస్తకం తెరిచేవాళ్ళు ఎక్కువ. నన్ను కట్టిపడేసింది మాత్రం తుపాను తర్వాతి భాగం: పొద్దున్నే లేచి ఏం చేశారు, ఏం తిన్నారు, రంపాన్ని దేనితో సానపట్టారు అన్నది.

విరిగిన పడవను విరిగిన చోటే, ఉన్న వస్తువులతోనే, మళ్ళీ నడిచేలా చేసుకోవడం నావికుల్లో శతాబ్దాలుగా సాగుతున్న విద్య. అది అప్పటికప్పుడు పుట్టే తెలివి అనుకుంటాం. సముద్రం మీద అప్పటికప్పుడు పుట్టేది భయమొక్కటే. మిగతాదంతా ముందే చేతికి అలవాటై ఉండాలి.

మొదటి గంటల్లో చేయాల్సిన పనుల వరుస ఎక్కడైనా ఒకటే. స్తంభం విరిగి నీళ్ళలో పడినా, ఉక్కు తీగలు దాన్ని పడవకు కట్టేసే ఉంచుతాయి. ప్రతి అలకూ అది వచ్చి పడవ పక్కను పొడుస్తుంది. అందుకే ముందు బోల్ట్ కట్టరో హాక్సా బ్లేడో పట్టుకుని తీగలు తెంచాలి. కానీ అన్నీ తెంచి వదిలేస్తే రేపు స్తంభం చేసుకోవడానికి ముక్క మిగలదు. పడవను కాపాడుకుంటూనే అడ్డుగడను, ఒక తెరచాపను, నాలుగు కప్పీలను పైకి లాక్కోగలిగినవాడు అనుభవజ్ఞుడు. తర్వాత కన్నం మూయడం. ఆ తర్వాత నీళ్ళు తోడడం, గంటల తరబడి. జూ హాంగ్‌లో పంపు కన్నా బకెట్లే ఎక్కువ పనిచేశాయి. తడిసి ముద్దైన కాగితాలు, బియ్యం, పీచు పంపు గొంతులో అడ్డుపడతాయి. బకెట్‌కు ఆ బాధ లేదు. నేటి సముద్ర పందేల భద్రతా నియమాల్లోనూ ఒక్కొక్కటి కనీసం 9 లీటర్లు పట్టే, తాడు కట్టిన గట్టి బకెట్లు రెండు ఉండాలన్న షరతు ఉంది.

స్తంభం పోయాక పడవ ఊగే తీరే మారిపోతుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు దీన్ని ఊహించలేరు. తాడు మీద నడిచే అమ్మాయి చేతిలో పొడవాటి గడ ఉంటే ఒరగడం నెమ్మదిగా జరుగుతుంది, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ గడ లాక్కుంటే? ఎత్తున ఉన్న స్తంభం బరువు పడవకు అలాంటి గడే. అది పోయిన మరుక్షణం నుంచి పడవ అటూ ఇటూ విసురుగా కొట్టుకుంటుంది. నిలబడలేరు, పొయ్యి మీద గిన్నె ఆగదు, మంచం మీద పడుకున్నా ఒళ్ళు గోడకు కొట్టుకుంటుంది. అందుచేత పొట్టి స్తంభమైనా త్వరగా నిలబెట్టడం ప్రయాణం సాగడానికే కాదు, ఒక గంట నిద్రపోవడానికి కూడా.

నిలబెట్టడంలో ఒక చిక్కుంది. డెక్కు మీద పడుకోబెట్టిన గడ కొసకు తాడు కట్టి ముందు నుంచి లాగితే అది లేవదు, ముందుకు జారుతుంది. లాగే తాడు పైనుంచి రావాలి. అందుకని ఇంకో పొట్టి గడను నిటారుగా నిలిపి, తాడును దాని తలమీదుగా తిప్పి, వించికి చుట్టి లాగుతారు. గడ మొదలు జారకుండా దేనికో కట్టేస్తారు. పైకొసకు ముందే నాలుగు దిక్కులా తాళ్ళు కట్టి ఉంచాలి. లేచాక కడదామంటే ఎక్కేదెవరు? ఆ నాలుగు తాళ్ళను కొసన పట్టి ఉంచడానికి మూడు ఉచ్చుల ముడి ఒకటి పాత నావికా గ్రంథాల్లో కనిపిస్తుంది. క్లిఫర్డ్ ఆష్లీ 1944లో ప్రచురించిన ముడుల పుస్తకంలోనూ దాన్ని చేర్చాడు. చూడముచ్చటైన ముడే. కానీ తడిసిన వేళ్ళతో, ఊగే డెక్కు మీద, మామూలు బిగింపు ముడులే నమ్మకమని నా అభిప్రాయం.

జూ హాంగ్‌లో గజ్వెల్ ఉండటం మిగతా ఇద్దరి అదృష్టం. అతను వడ్రంగం నేర్చినవాడు. ‘ట్రెక్కా’ అనే ఇరవై అడుగుల చిన్న పడవలో ఒంటరిగా లోకం చుట్టే ప్రయత్నంలో ఉండి, దాన్ని న్యూజిలాండ్‌లో ఆపి స్నేహితులతో వచ్చాడు. పడవలో దొరికిన చెక్కను చీల్చి, పెట్టెలా నాలుగు పలకలు బిగించి, లోపల బోలుగా స్తంభం కట్టాడు. బోలు స్తంభం తక్కువ చెక్కతో ఎక్కువ ఎత్తు ఇస్తుంది, ఎత్తడానికీ తేలిక. చుక్కాని బదులు పెద్ద తెడ్డు చేసి వెనక కట్టారు.

చుక్కాని పోవడం స్తంభం పోవడం కన్నా మెల్లగా చంపే కష్టం. గాలి ఉంటుంది, తెరచాప ఉంటుంది, పడవ మాత్రం తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. గడకు అలమర తలుపు బిగించి తెడ్డు చేసుకోవచ్చు. లేదా రెండు తాళ్ళతో ఒక బరువైన గుడ్డసంచిని వెనక నీళ్ళలో ఈడ్చుకుపోవచ్చు. కుడి తాడు బిగిస్తే పడవ కుడికి, ఎడమ తాడు బిగిస్తే ఎడమకు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, చేతులు బొబ్బలెక్కుతాయి, అయినా దిక్కు నిలుస్తుంది. మన నౌకాదళం ఆరుగురు మహిళలతో పంపిన ‘తారిణి’ 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో లోకం చుట్టి వచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. కేప్ హార్న్ దాటిన పడవ, ఇంటికొచ్చే ఆఖరి అంకంలో, హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రభాగం దెబ్బతిని అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. స్వాగతాల హడావుడిలో ఈ సంగతి వార్తల అడుగునెక్కడో ఉండిపోయింది. నా లెక్కలో కేప్ హార్న్ కన్నా అదే చెప్పుకోవలసిన కథ.

కారే పడవ సంగతికి వస్తే రాబిన్ నాక్స్-జాన్స్టన్‌ను తలవాల్సిందే. ఆయన ‘సుహైలీ’ బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ. 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి ఒంటరిగా బయల్దేరి, ఎక్కడా ఆగకుండా లోకం చుట్టిన మొదటి మనిషిగా 1969 ఏప్రిల్ 22న అక్కడికే తిరిగొచ్చాడు. ఆ 312 రోజుల్లో పడవ నిండు ఆరోగ్యంతో ఉన్నది తక్కువే. అట్లాంటిక్‌లోనే, నీళ్ళకింద అడుగుపలకల సందులు రెండుపక్కలా తెరుచుకున్నాయి. గాలి లేని రోజు చూసి నీళ్ళలోకి దిగాడు. తెల్లటి ఒళ్ళు సొరచేపల కంటపడకుండా నల్ల చొక్కా, జీన్స్ వేసుకున్నాడు. సందులో దూది దట్టించడమే పద్ధతి. కానీ ఊపిరి బిగబట్టి ఒక్క మునకలో సుత్తితో కొట్టి నిలిపేది ఎంత? దూది ఊడిపోతూనే వచ్చింది. చివరికి దూదిని సన్నటి గుడ్డపట్టీకి కుట్టి, తారు పూసి, రాగి మేకులతో సందుమీద కొట్టి, ఆపైన రాగి రేకు పరిచాడు. మధ్యలో ఒక సొర తిరుగుతుంటే పైకెక్కి తుపాకితో కాల్చి మళ్ళీ దిగాడు. ఆ పట్టీ నిలిచింది.

ఆయన మరమ్మతుల్లో నాకు సొర కన్నా ఇష్టమైనది ఇంజను కథ. అందులో నిప్పురవ్వ పుట్టే భాగాన్ని అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన సరిచేయాలి, కొలిచే రేకు లేదు. చేతిలో ఉన్న పుస్తకం కాగితాలు లెక్కపెట్టాడు: అంగుళానికి 200. అంటే ఒక్కో కాగితం మందం అంగుళంలో వెయ్యికి 5 వంతులు. కావలసిన సందుకు మూడు కాగితాలు సరిపోయాయి. ఇంకోసారి సీసం అతుకు వేయాల్సి వచ్చి, సీసం లేకపోతే, దీపాల బల్బుల అడుగున ఉండే చుక్కల్ని కరిగించి వాడుకున్నాడు. పడవలో ఏ వస్తువూ ఒక్క పనికే పుట్టలేదని ఆయనకు చిన్నప్పటి నుంచే తెలిసినట్టుంటుంది.

ఇక రోజు ఎలా గడుస్తుంది? లెక్కతో. పొట్టి స్తంభం మీద తుపాను తెరచాపను అడ్డంగా కట్టుకుని పోతే గంటకు రెండు రెండున్నర నాటికల్ మైళ్ళు, అంటే మనిషి నడక వేగం. రోజుకు 60 మైళ్ళనుకుంటే, 1,000 మైళ్ళ దూరంలోని రేవుకు 17 రోజులు. ఉన్న మంచినీళ్ళను ఆ 17తో కాదు, 30తో భాగించాలి. అదీ దగ్గరి రేవుకు కాదు, గాలి తోసే వైపు రేవుకు. సగం పడవ గాలికి ఎదురుపోలేదు. జూ హాంగ్ వాళ్ళు గమ్యాన్ని మార్చుకుని గాలివాలున చిలీ వైపు తిరిగారు. ఈ విద్యలో దిక్కు మార్చుకోవడానికి సిగ్గుపడకపోవడం కూడా భాగమే.

తెల్లవారగానే మొదటి పని టీ కాదు, తాళ్ళ తనిఖీ. రాత్రంతా ఒకేచోట రాసుకున్న తాడు ఉదయానికి సగం తెగి ఉంటుంది. తెగినచోట గుడ్డ చుట్టి, రాపిడి కొత్తచోట పడేలా రెండంగుళాలు జరుపుతారు. తర్వాత పంపు. ఎన్నిసార్లు కొడితే అడుగు పొడిబారిందో పుస్తకంలో రాస్తారు. నిన్న వంద, ఇవాళ నూట ముప్పై అయితే ఎక్కడో కారుతున్నట్టే. ఆ అంకెను మించిన వైద్యుడు లేడు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి పటం మీద చుక్క. సాయంత్రం చీకటి పడకముందే రాత్రికి కావలసినవన్నీ చేతికందే చోట కట్టిపెట్టడం.

బియ్యం ఉడకడానికి ఒక వంతు సముద్రపు నీరు, రెండు వంతుల మంచినీరు పోస్తే ఉప్పు వేయక్కర్లేదు, నీరూ మిగులుతుంది. వాన వస్తే తెరచాప కింది అంచున బకెట్ పెడతారు. మొదటి నీళ్ళు ఉప్పు కడుక్కుని వస్తాయి, వాటితో బట్టలు. ఉప్పునీళ్ళలో ఉతికిన బట్ట ఎండదు, ఉప్పు గాల్లో తేమను పీలుస్తూ ఉంటుంది; తడిబట్ట ఒరిసి ఒంటిమీద పుళ్ళు లేస్తాయి. పాడైన పడవ మీద మనుషుల్ని ఎక్కువగా ఏడిపించేది అలలు కావు, ఈ పుళ్ళు. రాత్రి గంటల్ని వంతులుగా పంచుకుంటారు. ఒంటరి మనిషికి వంతు కూడా లేదు.

ఫ్రెంచి నావికుడు ఈవ్ పార్లియే ఒంటరిగా లోకం చుట్టే 2000–01 వాందే గ్లోబ్ పందెంలో కార్బన్ స్తంభం విరగ్గొట్టుకుని, న్యూజిలాండ్ దిగువన స్టీవర్ట్ ద్వీపం దగ్గర లంగరు వేశాడు. బయటి సాయం తీసుకుంటే పందెం నుంచి పోయినట్టే. కార్బన్ అతుకు గట్టిపడటానికి వేడి కావాలి; బల్బులు వెలిగించి ఆ వేడితోనే కాల్చాడు. తిండి చాలక సముద్రపు నాచు తిన్నాడు. 126 రోజులకు రేవు చేరాడు.

ఉపగ్రహ ఫోన్లు, మీట నొక్కితే రక్షణకేంద్రానికి మోగే యంత్రాలు వచ్చాక ఈ విద్య ఎందుకని అడిగేవాళ్ళున్నారు. 2018 సెప్టెంబరు 21న దానికి జవాబు దొరికింది. ఒంటరిగానే లోకం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉన్న మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ ‘తురీయ’ హిందూ మహాసముద్రపు తుపానులో బోల్తాపడింది. స్తంభం విరిగింది, వెన్నెముక దెబ్బతిని ఆయన మంచం మీంచి కదల్లేకపోయాడు. మీట నొక్కాడు, సందేశం వెళ్ళింది. కానీ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి దాదాపు 1,900 మైళ్ళ దూరం. ఫ్రెంచి చేపలశాఖ నౌక ‘ఒసిరిస్’ చేరేసరికి సెప్టెంబరు 24. అదే తుపానులో స్తంభం పోగొట్టుకున్న ఐర్లండు నావికుడు గ్రెగర్ మెక్‌గకిన్ పొట్టి స్తంభం నిలబెట్టుకుని టామీ వైపే తిరిగాడు, తనకన్నా ఆయనకే అవసరమని. నౌక ముందు టామీని, తర్వాత అతన్నీ ఎక్కించుకుంది. చేతకానప్పుడు మీట నొక్కడం తప్పు కాదు. మీట నొక్కాక వచ్చే మూడు రోజులు ఎలా బతకాలన్నది మాత్రం మీట చెప్పదు.

వెన్నులో టైటానియం కడ్డీలతో టామీ 2022లో అదే పందేనికి మళ్ళీ వెళ్ళాడు. ఆ పందెంలో నాక్స్-జాన్స్టన్ బయల్దేరిన 1968 నాటి సాధనాలే వాడాలి. నిద్రపోయేటప్పుడు పడవను దిక్కు తప్పకుండా నడిపేది వెనక బిగించిన గాలిరెక్క. అది విరుగుతూ పోయి, విడిభాగాలు అయిపోయాక, మరుగుదొడ్డి తలుపును కోసి రెక్క చేసుకున్నాడు. బయల్దేరిన 16 మందిలో ఎక్కడా ఆగకుండా పందెం పూర్తిచేసినవాళ్ళు ముగ్గురు. టామీ 236 రోజులకు రెండోవాడుగా వచ్చాడు.

ఈ విద్యను నేర్వడానికి తుపాను అక్కర్లేదు. రేవులో కట్టేసిన పడవలోనే చాలావరకు చేసి చూడొచ్చు: ఏ గడ ఎంత పొడవో కొలిచి రాసుకోవడం, పడవ అడుగున గొట్టం ఉన్న ప్రతిచోటా దానికి సరిపడే మెత్తటి చెక్కబిరడా కట్టి ఉంచడం, బోల్ట్ కట్టర్ తుప్పు పట్టిందేమో చూడటం. చుక్కాని చక్రం విప్పేసి, అత్యవసరానికని ఇచ్చిన ఇనుప పిడిని బిగించి ఒక పూట నడపడం. బిగించినవాళ్ళకు అది పక్కనున్న కూర్చునే బల్లకు తగిలి సగం కూడా తిరగదని అప్పుడే తెలుస్తుంది. చాలా పడవల్లో ఆ పిడి కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులోనే ఉంటుంది.