కుడిచేయి ఆగకూడదు

గిటార్ కొత్తగా పట్టుకున్నవాళ్ల చూపంతా ఎడమచేతి మీదే ఉంటుంది. ఏ వేలు ఏ తీగ మీద పెట్టాలో చూపే కార్డ్ బొమ్మలు ఫోన్‌లో కావలసినన్ని దొరుకుతాయి. వాటిని చూసి వేళ్లు సర్దుకోవడం, నొప్పి ఓర్చుకోవడం, ఒక్కో తీగా మీటి సరిగ్గా పలికిందో లేదో వినడం, ఇందులోనే మొదటి నెలలు గడిచిపోతాయి. పది కార్డులు వస్తాయి, ఒక్క పాటా రాదు. గురువు లేకపోవడమే దీనికి కారణమంటే నేను ఒప్పుకోను. జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ అంతటివాడు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని సొంతంగా నేర్చుకున్నాడు. తేడా వస్తున్నది వరసలో. సొంతంగా నేర్చుకునేవాళ్లు ముందు దారికి తెచ్చుకోవలసింది కుడిచేతిని. ఎడమచేయి తడబడినా, ఆలస్యమైనా, కుడిచేయి లయ తప్పకుండా ఆడుతూనే ఉండాలి.

ఏ మైనర్ నుంచి సి మేజర్‌కి మారడం చూడండి. చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో, మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో రెండు కార్డులకూ అక్కడే ఉంటాయి. కదలాల్సింది ఉంగరపు వేలు ఒక్కటే, మూడో తీగ రెండో ఫ్రెట్ నుంచి అయిదో తీగ మూడో ఫ్రెట్‌కి. కొత్తవాళ్లు మూడు వేళ్లూ ఎత్తేసి, వాయించడం ఆపి, వంగి చూసుకుని, మళ్లీ ఒక్కొక్కటే పెడతారు. నాలుగు దెబ్బలకోసారి కార్డ్ మారే పాటలో ఇలా చేస్తే, నాలుగు దెబ్బలకోసారి ఆగడం కూడా చేతికి అలవాటైపోతుంది. అదే నిమిషానికి అరవై దెబ్బల నిదానంలో కుడిచేయి ఆగకుండా ఆడుతుంటే, మారడానికి ఎడమచేతికి ఉన్న వ్యవధి ఒక్క సెకను. ఆ ఇరుకులో పడితేనే కదలాల్సిన వేలేదో, కదలక్కర్లేనిదేదో దానికి తెలుస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు కూడా చాలాసార్లు చివరి పైదెబ్బ దగ్గరే ఎడమచేతిని తేలిక చేస్తారు. ఆ ఒక్క క్షణం ఖాళీ తీగలే మోగుతాయి. వినేవాళ్లకు అది తప్పుగా అనిపించదు, దెబ్బ వేళకు పడింది కనుక. పడాల్సిన దెబ్బ పడకపోతే మాత్రం సంగీతం తెలియనివాళ్లకు కూడా పట్టుబడిపోతుంది.

మనకిది కొత్త సంగతేమీ కాదు. కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు మొదలుపెట్టిన పిల్లలు మొదటి పాఠం నుంచే తొడ మీద ఆదితాళం వేస్తూ పాడతారు. గొంతు తప్పినా చెయ్యి ఆగకూడదు, ఆ చేతి ఆసరాతోనే మూడు కాలాలూ ఎక్కుతారు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతిని మనమెందుకు వదిలేస్తున్నామో నాకు అర్థం కాదు. గిటార్ లోకంలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్‌కి 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి చివరి రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయాయి. 1934లో పారిస్‌లో వయొలినిస్ట్ స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి ఆయన నిలబెట్టిన బృందంలో వయొలిన్, బాస్, మూడు గిటార్లు ఉండేవి, డ్రమ్స్ లేవు. ఆ బృందం లయను మోసినవాటిలో ముఖ్యమైనవి గిటారిస్టుల కుడిచేతులే.

తప్పులతో వాయిస్తూ పోతే తప్పులే స్థిరపడవా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందుకే వేగం బాగా తగ్గించమంటున్నాను, స్వరశుద్ధికి రోజూ కొంతసేపు విడిగా కేటాయించమంటున్నాను. అయితే ఆగడం కూడా తప్పే, అదీ స్థిరపడుతుంది, పైగా వదిలించుకోవడం ఇంకా కష్టం. ఇంకో మాట, లయ తప్పితే చెప్పడానికి మనిషే అక్కర్లేదు. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని, వాయించింది రికార్డు చేసి వింటే ఎక్కడ తొందరపడ్డామో, ఎక్కడ వెనకబడ్డామో దాచినా దాగదు. గురువు లేనివాళ్లు తమంతట తాము సరిదిద్దుకోగలిగినవాటిలో ఇది మొదటిది. ఎడమ మణికట్టు ఎంత వంగుతోందో, బొటనవేలు మెడను ఎంత గట్టిగా నొక్కుతోందో సొంత కంటికి అంత తేలిగ్గా ఆనదు. వేలి కొసల మంట కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మణికట్టు నొప్పి అలాంటిది కాదు, వెంటనే ఆపి తెలిసినవాళ్లకు చూపించుకోవాలి.

శాస్త్రీయ గిటార్ నేర్చుకోదలచినవాళ్లకు నా వాదన అంతగా వర్తించదు. అక్కడ కుడిచేతి వేళ్లు తీగలను విడివిడిగా మీటాలి, ప్రతి స్వరం మొదటినుంచీ తేటగా పలకాలి, దానికి గురువు ఉండాల్సిందే. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది గిటార్ కొనేది తమకు నచ్చిన సినిమా పాటను నలుగురి మధ్య పాడుకోవడానికి. వాళ్లు రెండు మూడు కార్డుల పాట ఒకటి ఎంచుకుని, ముందు తీగలన్నీ అరచేత్తో మూసి ఉత్త దెబ్బలే పాట పొడవునా వాయించాలి, ఆ తర్వాతే కార్డులు కలపాలి. చూపుడువేలిని అడ్డంగా పరిచి తీగలన్నీ అదమాల్సిన ఎఫ్ కార్డ్ గురించి మొదటి నెలల్లో బెంగపడనక్కర్లేదు. పాట ఎఫ్ శ్రుతిలో ఉంటే మూడో ఫ్రెట్‌లో కేపో అనే క్లిప్పు బిగించి డి, జి, ఏ కార్డులతో మొదలుపెట్టవచ్చు.