ఎర్ర బట్ట, ఉన్ని కోటు

ఆడమ్ స్మిత్ పుట్టిన 1723లోనే ఇంగ్లండ్‌లో మిడిల్‌సెక్స్ గ్రాండ్ జ్యూరీ ఒక పుస్తకం సమాజానికి చేటని తేల్చింది. ఆ పుస్తకం 'ఫేబుల్ ఆఫ్ ది బీస్'. రాసింది హాలండ్ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డ వైద్యుడు బెర్నార్డ్ మాండెవిల్. దురాశ, డాబు, దుబారా లేకపోతే వ్యాపారాలు మూతపడతాయని, మనిషి దుర్గుణాలే లోకానికి లాభాలని ఆయన వాదం. గ్లాస్గోలో నీతిశాస్త్రం బోధించిన ఫ్రాన్సిస్ హచిసన్ దాన్ని గట్టిగా ఖండించాడు. ఆ హచిసన్ శిష్యుడే స్మిత్. తర్వాత అక్కడే అదే శాస్త్రానికి ఆచార్యుడయ్యాడు. అందుకే స్మిత్‌ను మాండెవిల్‌కు సూటి జవాబుగా చదవడం అలవాటు. ఇద్దరూ వర్ణించిన బట్టల్ని పక్కపక్కన పెడితే మాత్రం ఆ లెక్క కుదరదు.

1723 ముద్రణలో చేర్చిన ఒక వ్యాసంలో మాండెవిల్ ఎర్రటి ఉన్ని బట్ట తయారీని చూపిస్తాడు. దువ్వేవాళ్ళు, వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, రంగు వేసేవాళ్ళు అయ్యాక ఓడల దగ్గరికి వస్తాడు. రంగు సరుకుల కోసం కొందరు ఎండకు మాడాలి, కొందరు రష్యా చలికి వణకాలి, నావికులు నడిసముద్రంలో ప్రాణాలు పోగొట్టుకోవాలి. ఇంత ఘోరం ఒక అంగీ మోజు కోసమని ఒప్పుకునేంత సిగ్గులేని నియంత కూడా ఉండడంటాడు. ఆ వెంటనే బొమ్మ తిరగేస్తాడు: ఇవన్నీ వృత్తులే కదా, ఎవరి పొట్టకూటికి వాళ్ళు చేసుకుంటున్నారు!

1776లో 'వెల్త్ ఆఫ్ నేషన్స్' మొదటి అధ్యాయంలో స్మిత్ కూడా ఇలాంటి జాబితానే రాశాడు. ఆయనది రోజు కూలీ తొడుక్కునే ముతక కోటు. గొర్రెల కాపరి, దువ్వేవాడు, వడికేవాడు, నేతగాడు, దూరదేశాల రంగు సరుకులు తెచ్చే నావికుడు అందరూ ఉన్నారు. మునిగిపోయినవాడు మాత్రం లేడు. పైగా ఐరోపా రైతు ఆఫ్రికా రాజు కంటే మెరుగ్గా బతుకుతున్నాడన్న మురిపెంతో అధ్యాయం ముగుస్తుంది. గ్లాస్గో పొగాకు వ్యాపారం బానిసల చాకిరీ మీద నడుస్తున్న కాలమది. 1759 నాటి 'థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్'లో ఆఫ్రికన్ల ఔదార్యం వాళ్ళ యజమానుల ఊహకు కూడా అందదని రాసింది ఈ స్మితే. నీతి పుస్తకంలో తెరిచిన కన్ను సంపద పుస్తకం గుమ్మంలో మూతపడింది.

అయితే ఆ పుస్తకాన్ని అక్కడే మూసేస్తే స్మిత్‌కు అన్యాయం చేసినట్టే. వేతనాల చర్చలో నావికులు మళ్ళీ వస్తారు. ప్రమాదం ఎంతున్నా వాళ్ళ జీతం పెరగదెందుకు? సాహసాల మోజు కుర్రాళ్ళను లాగుతుంది గనక. ఓడలు చూసి ఎక్కడ పారిపోతాడో అన్న భయంతో పేదతల్లి కొడుకును రేవు పట్నపు బడికి పంపడానికే జంకుతుందంటాడు. వేతనాన్ని లెక్కగడుతూ ఆ తల్లి దాకా వెళ్ళడం నీతిశాస్త్రం చెప్పినవాడి అలవాటు.

1759 గ్రంథంలో స్మిత్ మాండెవిల్ మీద చేసిన దాడి కూడా బట్ట దగ్గరే. ఉతికిన చొక్కా వేసుకోవడాన్ని కూడా దుర్గుణం కింద జమకట్టి, ఆపైన దుర్గుణాలే మేలు చేస్తాయనడం మాటల గారడీ అంటాడు. దెబ్బ సరిగ్గా తగిలింది. కానీ ఆ సిద్ధాంతం కొంతవరకైనా సత్యానికి దగ్గరగా లేకపోతే అంతమందిని నమ్మించగలిగేది కాదని కూడా అక్కడే ఒప్పుకున్నాడు. ఆ దగ్గరతనమే స్మిత్‌ను ఎక్కువగా కలవరపెట్టిందనిపిస్తుంది. కసాయి మన మీద దయతో మాంసం అమ్మడన్న ఆయన ప్రసిద్ధ వాదానికీ, మాండెవిల్ పొట్టకూటి వాదానికీ ఎడం ఎంతని!

అసలు తేడా పేదవాడి దగ్గర తెలుస్తుంది. సమాజం సుఖంగా ఉండాలంటే చాలామంది పేదగా, చదువు లేకుండా ఉండాలంటాడు మాండెవిల్; అందుకే ధర్మ బడులంటే ఆయనకు పడదు. ఎర్ర బట్ట వెనకున్న చావుల్ని చూసినవాడే, బడికెళ్ళే పిల్లవాణ్ణి చూసి విసుక్కున్నాడు. ఎక్కువమంది పేదరికంలో ఉన్న దేశం బాగుపడినట్టు కాదంటాడు స్మిత్. శ్రమ విభజన కార్మికుడి బుద్ధిని మొద్దుబారుస్తుందని గుర్తించి, స్కాట్లండ్ తరహా ఊరి బడులకు ప్రభుత్వం ఖర్చు పెట్టాలంటాడు. పన్నుల అధ్యాయంలో నార చొక్కా ప్రస్తావన వస్తుంది: అది లేకుండా నలుగురిలోకి రావడానికి రోజు కూలీ సిగ్గుపడతాడు గనక అది విలాసం కాదు, అవసరం. అలాంటి అవసరాల మీద పన్ను వేస్తే కూలి రేట్లు పెరుగుతాయని, ఆ భారం చివరికి భూస్వాముల మీద, ధనిక వినియోగదారుల మీద పడుతుందని ఆయన వాదన.