మైల ఎవరి చేతుల్లో?

ఆసుపత్రిలో చేరిన 48 గంటలు దాటాక రోగికి కొత్తగా అంటుకునే జబ్బు ఆసుపత్రి ఇన్ఫెక్షన్. దీన్ని దేశమంతటా ఒకే పద్ధతిలో లెక్కగట్టడానికి భారత వైద్య పరిశోధనా మండలి, ఢిల్లీ ఎయిమ్స్, అమెరికా సీడీసీ కలిసి ఒక నెట్‌వర్కును నిర్మించాయి. 2017 మే నుంచి 2018 అక్టోబరు దాకా 26 ఆసుపత్రుల్లోని 89 ఐసీయూల్లో తేలిన లెక్క 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయింది. రక్తంలో ఇన్ఫెక్షన్లు 2,622, మూత్రంలో 737. మంచి పనే, కాదనం.

మన పేచీ లెక్కతో కాదు, లెక్క చుట్టూ గీసిన గిరితో. కేసు తేలాలంటే కల్చర్ పరీక్ష చేసే ల్యాబు ఉండాలి. కాబట్టి పెద్దాసుపత్రులే లెక్కలోకొస్తాయి. కాన్పు కుట్లు చీము పట్టి చిన్నాసుపత్రి నుంచి ఊరికి పోయిన కూలి మనిషి ఇందులో ఎక్కడుంది?

ఇంకో సంగతి. సిబ్బందికి పనిలో అంటుకునే జబ్బుల్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందులోనే చేర్చింది. అచ్చయిన ఆ లెక్క ఐసీయూ రోగుల దగ్గరే ఆగింది. మరి చెత్త సంచిలో చెయ్యి పెట్టి సూది గుచ్చుకున్నామె? 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనలు తిరగేయండి. చెత్త లారీ బోల్తా పడితే ‘పెద్ద ప్రమాదం’ అట. సూది గుచ్చుకోవడాన్ని మాత్రం అందులోంచి పేరు పెట్టి మరీ తీసేశారు! ఆ చెయ్యి ఎవరిదో తెలిసినవాళ్లే ఇలా రాయగలరు. ఆ నిబంధనలే హెపటైటిస్-బి టీకా వేయించాలంటాయి. మూడు డోసులకు ఆర్నెల్లు పడుతుంది. ఈలోపు కాంట్రాక్టరు మారితే మిగతా డోసు ఎవడేయిస్తాడు?

వార్డులో ఇన్ఫెక్షన్ రాగానే మొదటి కేక స్వీపరు మీదే. మడి కట్టుకున్న బుర్రకి మురికి ముట్టినోళ్లే మురికి. కానీ చేతులు కడుక్కోవడంలో నర్సుల కన్నా డాక్టర్లే వెనకబడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఉంది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ చూసిందీ అదే. మంత్రసానుల వార్డులో కంటే శవాలు కోసి వచ్చిన డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువగా చనిపోయారు. మన ఊళ్లలో పురుళ్లు పోసిన చాకలి, మంగలి, మాదిగ ఆడవాళ్లను మాత్రం మైల అన్నారు.

నర్సింగ్, మెడికల్ విద్యార్థులకు ఒక పని చెబుతాం. ప్రతి ఆసుపత్రీ వ్యర్థాల మీద ఏటా నాలుగో ఫారం నింపి వెబ్‌సైటులో పెట్టాలి. అందులో ఆ యేడు జరిగిన ప్రమాదాలు ఎన్ని అనే గడి ఉంటుంది. సున్నా కనిపిస్తే మాపు పట్టుకున్నామెను అడిగి, ఆమె చెప్పిన సంఖ్యను దాని పక్కన రాసి మాకు పంపండి.