జాడీ మీద సంతకం

కళాకారుడి ప్రేరణ గురించి రాయమంటే మన విమర్శకులు ప్రకృతి అంటారు, గురువు అంటారు, సంప్రదాయం అంటారు. తన ఒంటి మీదే హక్కులేని మనిషికి ప్రేరణ ఎట్లా వస్తుందని మాత్రం అడగరు. ఆ ప్రశ్నతోనే మేము డేవిడ్ డ్రేక్ జాడీల్ని చదువుతున్నాం.

డ్రేక్ 1800 ప్రాంతంలో పుట్టిన నల్లజాతి కుమ్మరి. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం, ఎడ్జ్‌ఫీల్డ్ జిల్లా బట్టీల్లో బానిసగా పనిచేశాడు. అప్పుడాయన వట్టి 'డేవ్'. ఇంటిపేరు రికార్డులకెక్కింది 1865 విముక్తి తర్వాతే. చేసినవి మాంసం, కొవ్వు నిలవచేసే జాడీలు. 1859లో బాడ్లర్ అనే మరో బానిసతో కలిసి చేసిన జాడీలో సుమారు 40 గాలన్లు, అంటే 150 లీటర్లు పడతాయి. అంత మట్టిని సారె మీద ఒక్కసారే లేపలేరు. అడుగుభాగం తిప్పి, దాని మీద మట్టి చుట్టలు పేర్చి గోడ లేపాలి. దీన్ని అమాయక జానపద కళ అనటం ఆ చేతుల్ని అవమానించటమే.

జాడీ భుజం మీద, మట్టి పచ్చిగా ఉండగానే, డ్రేక్ తన పేరూ తేదీ గీసేవాడు. కొన్నిటి మీద రెండు పాదాల పద్యం కూడా. తేదీతో దొరికిన తొలి పద్యం 1834 జులైది. అదే ఏడు డిసెంబరులో, బానిసలకు చదువు నేర్పటం నేరమని ఆ రాష్ట్రం చట్టం చేసింది. డ్రేక్ ఆ తర్వాతా రాశాడు. కాగితమైతే చింపెయ్యొచ్చు. బట్టీలో కాలిన అక్షరాన్ని చెరపాలంటే జాడీనే పగలగొట్టాలి, అది యజమానికే నష్టం.

1857 ఆగస్టులో చేసిన ఒక జాడీ మీద తన చుట్టాలంతా ఎక్కడున్నారో అని అడిగాడు. మనుషుల్ని సంతలో అమ్మి కుటుంబాల్ని చీల్చిన వ్యవస్థలో అది ఉబుసుపోక అడిగిన మాట కాదు. అదే నెలలో ఇంకో జాడీ డబ్బు కోసం చేశానని చెప్తుంది. ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయింది? అందులో హాస్యం చూసేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. డ్రేక్ ప్రేరణ మాకు ఇక్కడే కనబడుతుంది: పోగొట్టుకున్న మనుషుల్లో, దక్కని కూలిలో.

2021లో ఆయన జాడీ ఒకటి వేలంలో 15 లక్షల డాలర్లు దాటింది. 2025లో బోస్టన్ లలితకళల మ్యూజియం రెండు జాడీల మీద హక్కును ఆయన వారసులకు తిరిగిచ్చి, ఒకదాన్ని వాళ్ల దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంది. పొగడ్తకూ న్యాయానికీ ఉన్న తేడా ఇదే.

కులమూ బానిసత్వమూ ఒకటేనని మేమనటం లేదు. కానీ 1972లో దళిత్ పాంథర్స్ నల్ల పాంథర్ల పేరు తీసుకున్నప్పుడే ఈ చుట్టరికం కలిసింది. రేపు మనం ఏ మ్యూజియంలోనన్నా డప్పు ముందో చెప్పుల జత ముందో నిలబడితే, ఎంత బాగుందో అనేముందు అడగాల్సింది ఒకటుంది: చేసిన మనిషి పేరేది?