జ్వరం తగ్గాక వంట

టైఫాయిడ్ నుంచి లేచిన మనిషికి వండిపెట్టడం పెళ్లివంట కంటే కష్టమని నా నమ్మకం. పెళ్లికి వచ్చేవాళ్లు ఆకలి మీద ఉంటారు. ఇక్కడేమో నోరంతా చేదు, కడుపులో వికారం. దానికితోడు చూడ్డానికొచ్చిన చుట్టాలు తలోమాట చెప్పిపోతారు. పప్పు వాతం, పెరుగు జలుబు, గుడ్డు వేడి! ఇవన్నీ తీసేస్తే మిగిలేది బ్రెడ్డూ పాలే.

మొన్న నాన్నగారు టైఫాయిడ్ నుంచి కోలుకునేటప్పుడు నన్ను ఆదుకున్నది పెసరకట్టు. పెసరపప్పును సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, అల్లం ముక్క వేసి మెత్తగా ఉడికించాలి. పప్పుగుత్తితో ఎనిపి, నీళ్లు పోసి పలచగా మరగనివ్వాలి. పోపు వాసనకే ఆయనకు కడుపులో తిప్పేది కాబట్టి ఆ జోలికి పోకుండా ఉప్పు, జీలకర్ర పొడి, దించాక చెంచాడు నెయ్యి వేశాను. చిన్న గిన్నెలో మెత్తటి అన్నం, దాని మీద ఈ కట్టు. పెద్ద కంచంలో వడ్డిస్తే ముద్ద ముట్టకముందే చాలనేవారు. నాలుగు ముద్దలు లోపలికి వెళితే చాలు, రెండు గంటలాగి మళ్లీ పెట్టొచ్చు. నోటి చేదుకు వేయించిన కరివేపాకు పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం.

టైఫాయిడ్‌లో చిన్నపేగు పుండు పడుతుంది కాబట్టి మొదట్లో మెత్తటి తిండే సరైనది. నా పేచీ ఆ తర్వాత రోజుల గురించి. పథ్యం మొదలుపెట్టడం మనకు బాగా వచ్చు, ముగించడమే రాదు. ఒళ్లు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శక్తి ఖర్చు సుమారు 10 శాతం పెరుగుతుంది. తిండి సరిపోకపోతే కండ కరిగిపోతుంది. అది మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. బార్లీ నీళ్లలో అవెన్ని ఉంటాయి? 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. పసిపిల్లలకు విరేచనాలు తగ్గాక రెండు వారాలు రోజూ ఒక పూట అదనంగా పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనం పెద్దవాళ్లకు ఉన్న పూటలే తగ్గిస్తాం. కామెర్లొస్తే వారాల తరబడి చప్పిడి కూడు పెట్టి, మనిషిని ఇంకా నీరసపరుస్తాం.

క్షయ రోగులకు మందులు వాడినన్నాళ్లూ పౌష్టికాహారం కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. చికిత్సలో తిండీ భాగమేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇంట్లో మనమూ ఒప్పుకోవాలి.

ఈసారి మీవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు మందుల చీటీతో సరిపెట్టుకోకండి. పప్పు, పెరుగు, గుడ్డు, మామూలు అన్నం ఏ రోజు నుంచి పెట్టొచ్చో అడగండి. షుగరో, కిడ్నీ జబ్బో ఉంటే ఎంత పెట్టొచ్చో కూడా అడిగి, ఆ చీటీ మీదే రాయించుకోండి.