బోర్డు మార్చేవాడు మెకానిక్కా?

జనరేటరు నడుస్తూనే ఉంటుంది, లైట్లు మాత్రం మసకబారతాయి. అప్పుడు పిలిపించిన మనిషి మొదట దేనిమీద చెయ్యి వేస్తాడో చూస్తే చాలు, అతని పనితనం తెలిసిపోతుంది. వస్తూనే స్క్రూడ్రైవర్‌తో ఏవీఆర్ మీది, అంటే వోల్టేజీని అదుపుచేసే బోర్డు మీది పాట్ తిప్పాడంటే నాకు అక్కడికక్కడే నమ్మకం పోతుంది. పెద్ద మేస్త్రీలు ముందు ఇంజన్ చప్పుడు వింటారు, తర్వాత హెర్ట్జ్ మీటరు చూస్తారు. వోల్టు మీటరు ముల్లు వంతు ఆ తర్వాతే.

అందులో లెక్క ఉంది. మన దగ్గర ఎక్కువగా కనబడే నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ ఇస్తుంది. డీజిల్ ఫిల్టర్ పూడుకుపోయి ఇంజన్ 1400కు దిగిందంటే ఫ్రీక్వెన్సీ 47 లోపుకు జారుతుంది. అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు కాయిల్ కాలిపోకుండా అప్పుడు చాలా ఏవీఆర్‌లు కావాలనే వోల్టేజీ దించేస్తాయి. జబ్బు ఇంజన్‌ది, నింద బోర్డుకి! వోల్టేజీ ఊగిసలాడినా ఇదే చూపు. హెర్ట్జ్ కూడా వెంట ఊగితే ఇంజన్ స్పీడు నిలిపే గవర్నరో, డీజిల్ లైన్లో గాలో కారణం. హెర్ట్జ్ నిలకడగా ఉండి వోల్టేజీ ఒక్కటే ఊగితే ఏవీఆర్ స్టెబిలిటీ సెట్టింగో, వదులైన సెన్సింగ్ వైరో చూడాలి.

ఒక పెళ్లిపందిట్లో సగం బల్బులు కళ్లు జిగేల్మనేలా, సగం మిణుకుమిణుకుమంటూ వెలుగుతున్నాయి. మీటరు బయటికి తీయకముందే, "న్యూట్రల్ పోయింది, ముందు బ్రేకర్ దించరా అబ్బాయ్" అని కేకేశాడో మేస్త్రీ. టెర్మినల్ బాక్సు విప్పితే నిజంగానే న్యూట్రల్ బోల్టు వదులై, లగ్గు నల్లగా మాడి ఉంది. 230 ఉండాల్సిన చోట ఒక ఫేజుకి 300 పైన, ఇంకో ఫేజుకి 150 పోయేది ఇలాంటప్పుడే. ఇంకాసేపు అలాగే నడిపి ఉంటే సౌండు సిస్టమ్ బూడిదే. అలాంటి చూపుకి ఎంత ఇచ్చినా తక్కువే అంటాను.

అసలు వోల్టేజీయే రాకపోతే కథ వేరు. ఫీల్డు ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతమే మొదటి ఊపు. జర్మన్ ఇంజనీరు సీమెన్స్ 1866లో డైనమోకి పట్టిన సూత్రం అది. సెట్టు చాలాకాలం నడపకుండా ఉంచితే ఆ అయస్కాంతం క్షీణిస్తుంది. అవుట్‌పుట్ దగ్గర అయిదారు వోల్టులైనా రాకపోతే పనిమంతుడు ఏవీఆర్ వైర్లు విప్పి, 12 వోల్టుల బ్యాటరీతో ఫీల్డుకి క్షణకాలం ఫ్లాషింగ్ ఇస్తాడు. ప్లస్ మైనస్ తారుమారైతే ఉన్నదీ పోవచ్చు, అందుకే ఆ వైర్లు పట్టేది అనుభవం ఉన్న చెయ్యే కావాలి.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే పరీక్ష కూడా ఆ బ్యాటరీతోనే. బ్రష్‌లెస్ సెట్టులో ఏవీఆర్‌ని పక్కనపెట్టి, లోడు లేకుండా, సరైన స్పీడులో ఫీల్డుకి 12 వోల్టులు పెడతారు. మూడు ఫేజుల మధ్యా సమానంగా, 415కి కాస్త అటూఇటుగా వచ్చిందా, వైండింగ్ బాగున్నట్టు, దోషం ఏవీఆర్‌ది. సమానంగానే ఉన్నా బాగా తక్కువుందా, రోటరుతో తిరిగే డయోడ్లనీ ఎక్సైటర్‌నీ అనుమానించాలి. ఒక ఫేజు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే మెయిన్ స్టేటరు దెబ్బతింది. కంప్యూటర్ అక్కర్లేదు, లాప్‌టాప్ అక్కర్లేదు! ఒక బ్యాటరీ, ఒక మల్టీమీటర్, ఒక బుర్ర.

ఈ పరీక్ష చేసే ఓపిక ఇవాళ ఎవరికుంది? జ్వరం చూడకుండా ఇంజెక్షన్ పొడిచినట్టు, వచ్చీ రాగానే "బోర్డు పోయింది సార్" అంటారు. పోనీ పెట్టేది మంచి బోర్డా? అసలుదాని రంగు, అసలుదాని అక్షరాలు, లోపల నాసిరకం సరుకు. రోటరులో డయోడ్ షార్టయి ఉందని చూడకుండా బిగిస్తే ఆ కొత్తదీ కాలుతుంది. అప్పుడు మూడోది అమ్ముతారు.

రీవైండింగ్‌లో జరిగేది ఇంకా అన్యాయం. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలో పాత చేతులు పాత కాయిల్ చుట్లు లెక్కపెట్టి, తీగ మందం మైక్రోమీటరుతో కొలిచి, వార్నిష్ పోసి ఓవెన్‌లో ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్ ఇన్సులేషన్‌ని ఒక మెగా ఓమ్‌కి తక్కువ చూపిస్తే స్టార్ట్ చెయ్యనివ్వరు. మెగ్గర్ వేసేముందు ఏవీఆర్ విప్పడం మాత్రం మరిచిపోరు. చవకబేరగాళ్లు రాగి చోట అల్యూమినియం చుట్టి అప్పగిస్తారు. రాగిలో సుమారు 60 శాతమే దాని వాహకత. అదే మందం తీగ అదే లోడుకి ఎక్కువ వేడెక్కకేం చేస్తుంది? నేను రాగి పక్షం, దాచుకోను.

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోయిన రాత్రి ఏరేటర్లు తిప్పేది ఈ సెట్లే. వోల్టేజీ పడితే మోటార్లు ఎక్కువ ఆంపియర్లు లాగి కాలతాయి, ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు ఖాళీ. అక్కడ పరీక్ష కూలికి బేరమాడే ఆసాములను చూస్తే ఒళ్లు మండుతుంది. అయ్యా, కొత్త బోర్డుకి డబ్బు తీసేముందు మూడు లెక్కలు అడగండి: హెర్ట్జ్ ఎంత, ఏవీఆర్ విప్పాక ఎన్ని వోల్టులు మిగిలాయి, బ్యాటరీ మీద మూడు ఫేజులకూ ఎంతెంత వచ్చింది? నీళ్లు నమిలితే ఆ మనిషికి దారిఖర్చు ఇచ్చి పంపి, ఆటోనగర్‌లో పాత మేస్త్రీకి ఫోన్ చెయ్యండి.